ఊపిరి తగిలితే చెదిరే బొమ్మలు

ఫ్రాన్సు నైరుతి భాగంలో లాస్కో అనే గుహ ఉంది. లోపలి గోడల మీద ఎద్దులు, గుర్రాలు, దుప్పులు గుంపులు గుంపులుగా కదిలిపోతుంటాయి. అన్నిటికంటే పెద్ద ఎద్దు బొమ్మ పొడవు అయిదు మీటర్లు దాటుతుంది. ఆ బొమ్మలకు దాదాపు 17 వేల ఏళ్లు. 1940 సెప్టెంబరు 12న నలుగురు కుర్రాళ్లు ఒక కన్నంలోంచి లోపలికి దిగి వాటిని చూశారు. 1948లో గుహను జనానికి తెరిచారు. 1963లో మూసేశారు.

అన్ని వేల ఏళ్లు రంగు చెదరకుండా నిలిచిన బొమ్మలకు పదిహేనేళ్లలోనే ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. ఎవరూ గీకలేదు, ఎవరూ చెరపలేదు, వరద రాలేదు, నిప్పంటుకోలేదు. జనం వచ్చారు, నోరు తెరుచుకుని చూశారు, ఊపిరి పీల్చి వదిలారు, బయటికి వెళ్లిపోయారు. జరిగింది అంతే.

చరిత్రకు ముందటి బొమ్మలున్న గుహను చూడాలనుకునే వాళ్లకు చాలా చిక్కుప్రశ్నలు ఎదురవుతాయి. ఒక గుహలోకి టికెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు. ఇంకో గుహలోకి ఎంతటివాళ్లయినా అడుగు పెట్టలేరు. ఒకచోట అసలు బొమ్మ చూపిస్తారు, మరోచోట నకలు చూపిస్తారు. ఒక బోర్డు మీద 17 వేల ఏళ్లని ఉంటుంది. ఇంకో బోర్డు ‘కనీసం 40 వేలు’ అంటుంది, ఆ ‘కనీసం’ ఎందుకో చెప్పదు. గైడు ఇదంతా వేట కోసం చేసిన మంత్రమంటాడు, మరొకరు పూనకంలో కనిపించిన రూపాలంటారు. ఈ చిక్కుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: ఆ బొమ్మలు మన దాకా రాగలిగింది ఇన్నాళ్లూ ఎవరూ వాటి దగ్గరికి వెళ్లకపోవడం వల్ల. మనం వెళ్లిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది

లోతైన సున్నపురాతి గుహలో ఎండాకాలం, చలికాలం అని ఉండవు. ఐరోపాలోని చాలా గుహల్లో ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల చలి ఉంటుంది. గాలిలో తేమ దాదాపు నిండుగా ఉంటుంది. వెలుతురు బొత్తిగా లేదు. గాలి కదలడమూ అంతంతమాత్రమే. గోడ మీది నీటి చెమ్మ, రాతిలోని సున్నం, గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్), కంటికి కనిపించని సూక్ష్మజీవులు వేల ఏళ్లుగా ఒకదానితో ఒకటి సర్దుకుని ఉంటాయి. ఎవరి వాటా వాళ్లు తీసుకుని కదలకుండా కూర్చున్న తూకం అది.

అక్కడికి ఒక మనిషి వచ్చాడనుకుందాం. ఊరికే నిలబడినా అతని ఒంట్లోంచి పాతకాలపు వంద వాట్ల బల్బు ఇచ్చేంత వేడి వస్తుంది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు వందకు 0.04 పాళ్లు ఉంటే, అతను వదిలే ఊపిరిలో అది వందకు 4 పాళ్లు, అంటే వంద రెట్లు. ఆ ఊపిరి నిండా తేమ. బట్టల నుంచి నూలుపోగులు, ఒంటి నుంచి చర్మపు పొలుసులు రాలుతాయి. చెప్పులకు అంటుకున్న మట్టిలో బూజు బీజాలు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదానితోనూ పెద్ద నష్టం లేదు. ఒక్క మనిషితోనూ నష్టం లేదు. కాని రోజుకు వెయ్యి మంది వస్తే?

చలికాలం అద్దం మీద ఊదితే మసక కమ్ముతుంది కదా, గుహ గోడ మీదా అదే జరుగుతుంది. వెచ్చటి తేమగాలి చల్లటి రాతికి తగిలి పల్చటి నీటి పొరగా మారుతుంది. అందులో బొగ్గుపులుసు వాయువు కరిగితే ఆ నీరు బలహీనమైన ఆమ్లమవుతుంది. సోడా నీళ్లకు పులుపు తెచ్చేది ఇదే. ఆ ఆమ్లం సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. రంగు పూసింది ఆ రాతి పైపొర మీదనే. తరవాత ఎప్పుడో ఆ నీటిలోంచి వాయువు తప్పించుకుపోతే, కరిగిన సున్నం మళ్లీ తెల్లటి స్ఫటికాలుగా గట్టిపడి బొమ్మ మీద ముసుగులా పరుచుకుంటుంది. దీన్నే కాల్సైట్ అంటారు. గుహ కప్పు నుంచి మర్రి ఊడల్లా దిగే సున్నపు ఊడలు తయారయ్యేదీ ఇలాగే. ఈ కాల్సైట్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

లాస్కోలో ఇదంతా వేగంగా జరిగింది. జనం సులువుగా దిగడానికి గుహ నోరు పెద్దది చేశారు, నేల తవ్వి పల్లం చేశారు, మెట్లు కట్టారు, దీపాలు పెట్టారు. 1955 నాటికి రోజుకు 1,200 మంది దాకా వచ్చేవారు. ఆ ఏడాదే గోడల నుంచి రంగు కలిసిన నీటి బొట్లు కారడం గమనించారు. గాలిని శుభ్రం చేసే యంత్రం బిగించారు. అది తేమను, వాయువును లాగేసింది గాని, గాలిని కదిలించి బీజాలను మూలమూలకూ చేర్చింది. 1960లో ఒకచోట చిన్న పచ్చటి మచ్చ కనిపించింది. దీపాల వెలుగు తాగి పెరిగిన నాచు అది. అప్పటి దాకా చీకట్లో నాచుకు చోటే లేదు. ‘పచ్చ రోగం’ అని పేరు పెట్టారు. మరోవైపు కాల్సైట్ స్ఫటికాలు పెరిగాయి, దానికి ‘తెల్ల రోగం’ అన్నారు. 1963 ఏప్రిల్‌లో అప్పటి ఫ్రాన్సు సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో గుహను మూయించారు.

మూసేస్తే బాగుపడుతుందనుకుంటాం. ఈ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే భాగం అక్కడి నుంచే మొదలవుతుంది. మందులు చల్లి నాచును అదుపు చేశారు. దాదాపు నలభై ఏళ్లు గుహ కుదురుగానే ఉంది. వాతావరణాన్ని సరిచేసే కొత్త యంత్రాలు అమర్చిన తరవాత 2001లో తెల్లటి బూజు ఉన్నట్టుండి నేలనూ గోడల అంచులనూ కమ్మేసింది. పొడిసున్నం చల్లారు, బూజు మందులు కొట్టారు. కొన్నాళ్లకు నల్ల మచ్చలు మొదలయ్యాయి. ఆ నల్ల బూజును మేసే చిన్నచిన్న పురుగులే దాని బీజాలను మోసుకెళ్లి కొత్త చోట్ల నాటుతున్నాయని పరిశోధకులు కనుక్కున్నారు. వాడిన మందులు కూడా కొన్ని సూక్ష్మజీవులను చంపి, వాటికి తట్టుకోగలిగిన వాటికి చోటిచ్చాయి. తూకం ఒకసారి తప్పితే దాన్ని మళ్లీ నిలబెట్టడం మన చేతుల్లో ఉండదని లాస్కో చూపించింది. ఇప్పుడక్కడికి నిపుణులు వెళ్లినా, గంటలు లెక్కపెట్టుకుని, ఒంటి నిండా రక్షణ దుస్తులు తొడుక్కుని వెళ్తారు.

మరి కొన్ని గుహలు తెరిచే ఉన్నాయేం?

అదే ఫ్రాన్సులో నియో గుహలోకి ఇవాళ్టికీ వెళ్లవచ్చు. చేతిలో దీపం పట్టుకుని, గైడు వెంట దాదాపు 800 మీటర్లు చీకట్లో నడిస్తే ‘నల్ల మందిరం’ అని పిలిచే పెద్ద గది వస్తుంది. అక్కడి అడవిదున్నలు, గుర్రాలు, కొండమేకలు నకళ్లు కావు, అసలు బొమ్మలే. రూఫిన్యాక్ గుహలో చిన్న ఎలక్ట్రిక్ రైలెక్కి లోపలికి పోయి, ఇప్పుడు అంతరించిపోయిన బొచ్చు ఏనుగులు, మామత్‌ల బొమ్మలు చూసి రావచ్చు. ఫోం-ద-గోమ్‌లో రంగుల దున్నలను ఇప్పటికీ అసలు గోడ మీదే చూపిస్తున్నారు, కాకపోతే రోజుకు కొద్దిమందినే అనుమతిస్తారు.

తేడా ఎక్కడుంది? మొదటిది గుహ పరిమాణం. రూఫిన్యాక్ సొరంగాలన్నీ కలిపితే ఎనిమిది కిలోమీటర్లు. నియోలో గదులు విశాలంగా, కప్పు ఎత్తుగా ఉంటాయి. పది మంది ఊపిరి అంత గాలిలో కలిసిపోతుంది. స్పెయిన్‌లోని ఆల్తమీరాలో దున్నల బొమ్మలున్న గది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. కప్పు ఎంత కిందికి ఉండేదంటే, మొదట్లో వంగి నడవాల్సి వచ్చేది. బొమ్మలు సరిగ్గా ఆ కప్పు మీదే ఉన్నాయి. కింద నిలబడ్డవాళ్ల ఊపిరి తిన్నగా బొమ్మకే తగులుతుంది.

రెండోది గుహ గతం. దీన్ని గైడ్లు అంతగా చెప్పరు గాని, నాకు ఇదే అసలు కీలకమనిపిస్తుంది. లాస్కో నోరు మట్టితో పూడుకుపోయి వేల ఏళ్లు మూసి ఉంది. ఆల్తమీరా నోరు దాదాపు 13 వేల ఏళ్ల కిందట బండలు కూలి మూసుకుపోయింది. వాటి లోపలి తూకం మూతపడ్డ స్థితిలో ఏర్పడ్డది, తెరిచిన గాలికి అలవాటు లేదు. నియో గుహలోకి మాత్రం శతాబ్దాలుగా జనం వచ్చిపోతూనే ఉన్నారు. బయటి గాలి తగిలి చెరిగిపోవలసినవి ఎప్పుడో చెరిగిపోయాయి, మిగిలినవి ఆ గాలిని తట్టుకోగలిగినవే. అందుకే ఎంత బాగా భద్రపడి దొరికిన గుహకు అంత ఎక్కువ భయం.

మూడోది అసలు అది గుహో కాదో చూసుకోవడం. మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కాను గుహలంటాం గాని, అక్కడివి ఎక్కువగా రాతి చూరులు. 1957లో పురావస్తు పరిశోధకుడు వి. ఎస్. వాకణ్కర్ వీటిని లోకానికి తెలియజేశారు, 2003లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యాయి. గాలి, వెలుతురు ధారాళంగా ఆడే చూరు కింద ఊపిరితో వచ్చే ముప్పు లేదు. అక్కడి శత్రువులు ఎండ, వాన, తేనెపట్లు, గోడను తడిమే చేతులు. ఇండొనేసియాలోని సులవేసి దీవిలో ఇంకో బాధ: రాతిలోని ఉప్పు తేమకు కరిగి, ఎండకు మళ్లీ స్ఫటికమై ఉబ్బుతుంటే బొమ్మలున్న పైపొర పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. వానలు, కరువులు తీవ్రమయ్యేకొద్దీ ఆ ఉప్పు పని పెరుగుతోందని 2021లో వచ్చిన పరిశోధన చెప్పింది. అక్కడ సందర్శకులను ఆపినంత మాత్రాన బొమ్మలు దక్కవు.

ఆల్తమీరా అధికారులు చాలా దార్లు ప్రయత్నించారు. 1970లలో ఏడాదికి లక్షన్నరకు పైగా జనం వచ్చేవారు. 1977లో మూశారు. 1982లో కొద్దిమందికి మళ్లీ తెరిచారు. 2002లో మళ్లీ మూశారు. 2014లో ప్రయోగంగా వారానికి అయిదుగురిని చీటీ తీసి ఎంచుకుని, ప్రత్యేక దుస్తులు, పాదరక్షలు వేసి, 37 నిమిషాలు లోపల తిప్పారు. ఆ 37 నిమిషాలకు ముందూ తరవాతా గాలి ఎలా ఉందో కొలిచారు. ఒక గుహను చూడటం ఎంత సున్నితమైన బేరమో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది.

నకలు చూడటం మోసపోవడమా?

దూరం నుంచి వచ్చి, చివరికి సిమెంటు గోడ చూపించారని బాధపడేవాళ్లు చాలామందే. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కాని ఆ సిమెంటు వెనక ఎంత పని ఉందో తెలిస్తే చూపు మారుతుంది. లాస్కో మొదటి నకలు అసలు గుహకు 200 మీటర్ల దూరంలో 1983లో తెరుచుకుంది. చిత్రకారిణి మోనిక్ పెత్రాల్ ఏళ్ల తరబడి శ్రమించి, ఆదిమ చిత్రకారులు వాడిన లాంటి ఖనిజపు రంగులతోనే ఆ బొమ్మలు తిరిగి వేశారు. 2016లో కొండ అడుగున మరో పెద్ద నకలు వెలిసింది. 1994 డిసెంబరులో బయటపడ్డ షోవే గుహ విషయంలో ఫ్రాన్సు లాస్కో పాఠాన్ని మరిచిపోలేదు. దాన్ని జనానికి ఒక్క రోజు కూడా తెరవలేదు. లేజర్లతో అంగుళం అంగుళం కొలిచి, దగ్గర్లోనే ప్రతిరూపం కట్టి 2015లో తెరిచారు. మార్సెయ్ దగ్గర సముద్రం అడుగున 37 మీటర్ల లోతులో నోరున్న కొస్కేర్ గుహకయితే నకలు తప్ప వేరే దారే లేదు. సముద్రమట్టం పెరుగుతూ దాని బొమ్మలను కొద్దికొద్దిగా మింగేస్తోంది.

నకలులో అసలు గోడ వయసు ఉండదు, నిజమే. వేల ఏళ్ల కిందట ఒక చెయ్యి తాకిన రాయి మన ముందుందన్న భావం కలగదు. దానికి ప్రత్యామ్నాయం లేదు. కాని బొమ్మల కొలత, గోడ వంపు, ఒక బొమ్మ పక్కన ఇంకోటి ఎలా అమర్చారన్న సంగతి నకలులో తెలిసినంత ఫొటోలో తెలియదు. నా సలహా ఏమిటంటే, రెండూ చూడండి. తెరిచి ఉన్న ఒక చిన్న గుహలో పాలిపోయినవైనా అసలు బొమ్మలు చూసి, ఆ తరవాత గొప్ప గుహ నకలు చూడండి. మొదటిచోట రాయి ఎలా మెరుస్తుందో చూసిన కళ్లకు రెండోచోట ఏం ఊహించుకోవాలో తెలుస్తుంది.

బోర్డు మీది ‘కనీసం’

ఇప్పుడు వయసు సంగతి. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే.

గుహ బొమ్మల్లో ముఖ్యంగా రెండే రంగులు: ఎరుపు, నలుపు. ఎరుపు జేగురుమన్ను నుంచి వస్తుంది, అంటే ఇనుప తుప్పు. నలుపు రెండు రకాలు. ఒకటి కర్రబొగ్గు, రెండోది మాంగనీస్ ఖనిజం. కంటికి రెండూ ఒకలాగే నల్లగా ఉంటాయి. వయసు కట్టేవాళ్లకు మాత్రం ఈ తేడానే ప్రాణం.

కర్రబొగ్గు ఒకప్పుడు చెట్టు. చెట్టు బతికున్నంత కాలం గాలిలోని రేడియోధార్మిక కార్బన్‌ను తీసుకుంటుంది. చచ్చాక తీసుకోవడం ఆగిపోతుంది, ఉన్నది తరిగిపోతూ ఉంటుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది, ఇంకో 5,730 ఏళ్లకు ఆ మిగిలినదాంట్లో సగం. ఎంత మిగిలిందో కొలిస్తే చెట్టు ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. రమారమి 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. షోవే గుహలో బొమ్మలు బొగ్గుతో వేశారు కాబట్టి ఈ పద్ధతి పనికొచ్చింది. వాటిలో పాతవాటికి 36 వేల ఏళ్ల దాకా ఉంటాయని తేలింది.

దాని మీద పెద్ద తగాదా నడిచింది. అప్పటిదాకా పండితులు ఒక మెట్ల వరస ఊహించుకున్నారు: ముందు మోటు గీతలు, తరవాత మెరుగైన బొమ్మలు, చివరికి లాస్కో, ఆల్తమీరా లాంటి పనితనం. షోవే సింహాలు, ఖడ్గమృగాలు లాస్కోకంటే రెట్టింపు పాతవని చెబుతున్నా, పనితనంలో ఏమాత్రం తీసిపోవు. పైగా, బొగ్గు పాతదైనా బొమ్మ కొత్తది కావచ్చు కదా అని కొందరు అడిగారు. నేల మీద పడి ఉన్న పాత బొగ్గు ముక్క తీసుకుని ఎవరైనా గీయవచ్చు. సరైన ప్రశ్నే అది. జవాబు బొమ్మల నుంచి రాలేదు, గుహ వాకిలి నుంచి వచ్చింది. షోవే నోరు మూసేసిన బండలు ఊడిపడ్డచోట కొండ ముఖం ఎప్పుడు బయటపడిందో వేరే పద్ధతిలో కొలిచారు. చివరి బండ కూలి దారి పూర్తిగా మూసుకుపోయింది 21,500 ఏళ్ల కిందట. ఆ తరవాత లోపలికి మనిషి వెళ్లే దారి లేదు. కాబట్టి బొమ్మలు అంతకంటే ముందువే. మెట్ల వరస ఊహ కూలిపోయింది.

జేగురు బొమ్మల్లో చెట్టూ లేదు, కార్బనూ లేదు. వాటి వయసు తిన్నగా కొలవలేం. ఇక్కడ ఇందాకటి కాల్సైట్ పొర ఆదుకుంటుంది. నీళ్లలో యురేనియం కొద్దిగా కరుగుతుంది, థోరియం కరగదు. అందుకే కొత్తగా ఏర్పడ్డ కాల్సైట్‌లో యురేనియం ఉంటుంది, థోరియం ఉండదు. కాలం గడిచేకొద్దీ యురేనియం మారి థోరియం పోగవుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే ఆ పొర ఎప్పుడు గట్టిపడిందో తెలుస్తుంది. పొర బొమ్మ మీద ఉందంటే, బొమ్మ దానికంటే ముందే ఉండాలి. ఎంత ముందు? పదేళ్లా, పదివేల ఏళ్లా? అది ఆ పొర చెప్పలేదు. బోర్డు మీది ‘కనీసం’ అర్థం అదే. బొమ్మను కప్పేసే అదే తెల్ల ముసుగు దాని వయసుకు సాక్ష్యం కూడా చెబుతోంది.

స్పెయిన్‌లో ఎల్ కాస్తియ్యో గుహలోని ఒక ఎర్ర చుక్కకు కనీసం 40,800 ఏళ్లని 2012లో తేల్చింది ఈ పద్ధతే. సులవేసిలో ఒక అడవిపంది బొమ్మకు కనీసం 45,500 ఏళ్లని 2021లో, మనుషుల్లాంటి రూపాలు, పంది కలిసి ఉన్న ఇంకో బొమ్మకు కనీసం 51,200 ఏళ్లని 2024లో చెప్పిందీ ఇదే. గుహ బొమ్మలంటే ఐరోపాయే గుర్తొచ్చే అలవాటు దీంతో మారాలి.

అయితే ఈ పద్ధతికీ ఒక బలహీనత ఉంది. తరవాతి కాలంలో నీళ్లు ఆ పొరలోంచి యురేనియాన్ని కడిగేస్తే, థోరియం వాటా ఎక్కువగా కనిపించి, పొర ఉన్నదానికంటే పాతదనిపిస్తుంది. 2018లో స్పెయిన్‌లోని మూడు గుహల్లో కొన్ని గుర్తులకు 64 వేల ఏళ్లకు పైబడి వయసుందని ఒక బృందం ప్రకటించింది. మనలాంటి మనుషులు ఆ ప్రాంతానికి చేరకముందు కాలమది. కాబట్టి వాటిని వేసింది, తరవాత అంతరించిపోయిన మరో మానవజాతి నియాండర్తల్ మనుషులేనని ఆ బృందం వాదన. ఇంకొందరు పండితులు ఇదే యురేనియం సందేహం లేవనెత్తి ఒప్పుకోలేదు. ఆ వాదం ఇంకా తెగలేదు. గైడు దీన్ని తేలిపోయిన విషయంగా ఎటు చెప్పినా, కొంచెం ఆగి వినండి.

చూసినా కనిపించనివి

నియో గుహ గోడల మీద దున్నలతోపాటు ఒక సంతకం ఉంది: రూబెన్ ద లా వియాల్, 1660. ఆ పెద్దమనిషి, ఆయనలాంటి ఎందరో అంత దూరం నడిచారు, ఆ గదిలో నిలబడ్డారు, బొమ్మల మీద దీపం వేసే ఉంటారు. అవి ఎంత పాతవో 1906 దాకా ఎవరికీ తట్టలేదు. కళ్లకేమీ లోపం లేదు. మనిషికి అంత గతం ఉందన్న ఊహే అప్పటికి లేదు.

ఆల్తమీరా కథ ఇంకా బాధ కలిగిస్తుంది. ఆ ప్రాంతపు భూస్వామి మార్సెలీనో సాన్స్ దె సౌతువొలా 1879లో ఆ గుహ నేలను తవ్వుతూ రాతి పనిముట్ల కోసం వెతుకుతున్నారు. ఆయన చూపు నేల మీదే ఉంది. వెంట వచ్చిన ఎనిమిదేళ్ల కూతురు మరియా తలెత్తి కప్పు మీది దున్నలను చూసింది. మరుసటి ఏడాది ఆయన ఆ బొమ్మలు ఆదిమ కాలానివని అచ్చు వేయించారు. పండితులు నమ్మలేదు. ‘అనాగరికులు’ అంత బాగా గీయలేరన్నారు, ఎవరిచేతో గీయించి మోసం చేస్తున్నాడన్నారు. ఆ మచ్చతోనే ఆయన 1888లో కన్నుమూశారు. ఫ్రాన్సులో అలాంటి బొమ్మలు వరసగా బయటపడ్డాక, ఆయన్ని తప్పుపట్టినవారిలో ముఖ్యుడైన ఎమిల్ కార్తాయాక్ 1902లో తన పొరపాటును బాహాటంగా ఒప్పుకుంటూ వ్యాసం రాశారు. సౌతువొలాకు అది అందలేదు.

ఇప్పటి నిపుణుల కళ్లూ పొరబడతాయి. 2021లో భీమ్‌బేట్కాలోని ఒక చూరు కప్పు మీద యాభై అయిదు కోట్ల ఏళ్ల నాటి జీవి శిలాజం కనిపించిందని కొందరు శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2023లో మరికొందరు వెళ్లి చూస్తే అది రాలిపోయిన తేనెపట్టు మరక. మొదటి బృందం ఆ దిద్దుబాటును ఒప్పుకుంది.

కాబట్టి చూడటానికి కొంచెం సిద్ధపడి వెళ్లాలి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. బొమ్మల గదికి చేరేముందు ఫోను తెర చూడకండి. గైడు దీపాన్ని పక్కకు జరిపినప్పుడు చూపు తిప్పకండి, అదే ముఖ్యమైన ఘట్టం. ఆ బొమ్మలు పుట్టింది కదలని కరెంటు దీపం కింద కాదు. లాస్కోలో ఒక ఎర్ర ఇసుకరాతి దీపం దొరికింది, గరిటె ఆకారంలో ఉంటుంది. అందులో కొవ్వు పోసి వెలిగించుకునేవారు. అలాంటి వెలుగు ఊగుతుంటే గోడ వంపులు ఊపిరి తీసినట్టు కదులుతాయి. ఆల్తమీరాలో దున్న పొట్ట ఉన్నచోట రాయే బుడిపెలా ఉబ్బి ఉంటుంది. చిత్రకారుడు ఆ బుడిపెలో ముందే దున్నను చూసి, దాని చుట్టూ గీత గీశాడనిపిస్తుంది. షోవేలో ఒక దున్నకు ఎనిమిది కాళ్లున్నాయి, పరుగును చూపించడానికే అలా వేశారని కొందరి అభిప్రాయం. ముఖానికి ఎదురుగా పడే ఫ్లాష్ వెలుగులో ఈ బుడిపె, ఈ పరుగు రెండూ చచ్చిపోతాయి. ఫొటోలు వద్దన్నచోట నాకు పెద్దగా బాధ కలగనిది అందుకే.

ముట్టుకోవద్దన్న నియమానికి మాత్రం మినహాయింపు లేదు. మంచి ఉద్దేశంతో ముట్టుకున్నా సరే. 1992లో ఫ్రాన్సులోని ఒక గుహలో గోడల మీది పిచ్చిరాతలు కడుగుదామని వెళ్లిన యువ స్వచ్ఛంద సేవకులు బ్రష్షులతో తోముతూ తోముతూ ఆదిమ కాలపు దున్న బొమ్మలను కూడా కొంత తోమేశారు.

ఎందుకు వేశారు?

దీనికి తక్కువ చోటే ఇస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ తేలింది తక్కువ. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఆరి బ్రొయ్ లాంటి పండితులు ఇది వేట మంత్రమన్నారు: బొమ్మ వేస్తే జంతువు చిక్కుతుందని నమ్మారట. కాని లాస్కోలో తిని పారేసిన ఎముకల్లో అధికభాగం రెయిన్‌డీర్‌వి, గోడ మీద మాత్రం రెయిన్‌డీర్ బొమ్మ ఒక్కటే. తిన్నది ఒకటి, గీసింది ఇంకొకటి. తరవాత ఆంద్రే లెరువా-గురాన్ ఏ జంతువు పక్కన ఏది, గుహలో ఏ భాగంలో ఏది అని లెక్కలు కట్టి, అందులో ఒక వ్యవస్థ ఉందన్నారు. 1990లలో పూనకం వాదం ప్రచారంలోకి వచ్చింది. ప్రతి వాదానికీ సరిపోయే గుహ ఒకటుంటుంది, సరిపోనిదీ ఒకటుంటుంది. వేల ఏళ్ల పాటు, ఎన్నో జాతుల చేతుల్లో సాగిన పనికి ఒకే కారణం ఉంటుందని ఆశించడమే తప్పేమో. భీమ్‌బేట్కాలో ఒకే గోడ మీద పాత జంతువుల మీదుగా చాలా తరవాతి కాలపు గుర్రపు రౌతుల బొమ్మలు పడి ఉండటం చూస్తే ఈ మాట ఇంకా బలంగా అనిపిస్తుంది.

కొన్నిసార్లు ఊహ అనుకున్నది నిజమని తేలుతుంది. ఫ్రాన్సులోని పెష్ మెర్ల్ గుహలో రెండు తెల్ల గుర్రాలకు ఒంటి నిండా నల్ల చుక్కలున్నాయి. అలాంటి గుర్రాలు ఆ కాలంలో లేవని, ఆ చుక్కలకు ఏదో గూఢార్థం ఉందని చాలాకాలం అనుకున్నారు. 2011లో పాత గుర్రాల ఎముకల్లోని డీఎన్‌ఏ పరీక్షిస్తే, చుక్కల గుర్రాలు అప్పుడు నిజంగానే ఉండేవని బయటపడింది. ఆ చిత్రకారుడు తాను చూసిందే వేశాడు. గూఢార్థం అసలు లేదని కాదు గాని, ముందు కళ్లతో చూసినదాన్ని నమ్మడం మంచిదని ఆ గుర్రాలు నాకు నేర్పాయి.

షోవే గుహ వెనక భాగంలో మెత్తటి మట్టి మీద చిన్న పాదాల గుర్తులున్నాయి. పదేళ్ల ప్రాయపు పిల్లవాడివో, పిల్లవో అని నిపుణుల అంచనా. గుహ కప్పు మీద అక్కడక్కడ కాగడా మసి రాలగొట్టుకున్న గీతలున్నాయి. పరిశోధకులు నడవడానికి ఆ గుహలో ఇనుప బాట పరిచారు. ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే లోపలికి వెళ్తారు, ఆ బాట దిగరు. ఆ పాదాల గుర్తులు అలాగే ఉన్నాయి. వాటి పక్కన మట్టి ఇప్పటికీ మెత్తగానే ఉంది.